ఎర్ర మగ్గు కనిపిస్తే వాడు ఎందుకు కొడుతున్నాడు?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఓ తల్లి రాసిన ఉత్తరమిది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇస్తున్నాం.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి 16 ఏళ్లు. ఆటిజం ఉంది, దాంతోపాటు మధ్యస్థాయి మేధో వైకల్యం. పాతిక ముప్పై మాటలు వచ్చు: అన్నం, బండి, చెల్లి, వద్దు లాంటివి. రెండేళ్ల కిందటి వరకు తన పనులు సగం తనే చేసుకునేవాడు. స్నానమంటే మహా సరదా, బకెట్ ఖాళీ అయినా లేచేవాడు కాదట. బంధువుల సలహా మీద దూరంగా ఓ పట్నంలోని హాస్టల్‌లో చేర్చారు. "అలవాటు పడేదాకా రావొద్దు, ఫోన్ కూడా చెయ్యొద్దు" అన్నారు అక్కడివాళ్లు. 14 నెలలు ఉన్నాడు. మొన్న సంక్రాంతికి తీసుకొచ్చినప్పుడు రెండు మణికట్ల చుట్టూ నల్లటి చారలు కనిపించాయి. అడిగితే "వాడే గోక్కుంటాడు" అన్నారు. మళ్లీ పంపలేదు.

అప్పటినుంచి స్నానం అనగానే బాత్రూం గుమ్మంలోనే కూలబడుతున్నాడు, బట్టలు విప్పనివ్వడు. తల్లి ఎర్ర ప్లాస్టిక్ మగ్గు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆమెను కొడతాడు, తన చెయ్యి తనే కొరుక్కుంటాడు, కుడి చెవి దగ్గర పిడికిలితో గుద్దుకుంటాడు. తాళాల గుత్తి గలగలమంటే మంచం కిందికి దూరతాడు. ఒకరోజు తండ్రి డ్యూటీకి బయల్దేరుతూ బెల్టు తీస్తుంటే పరుగెత్తాడు, దారిలో ఉన్న నాయనమ్మను తోసేశాడు. ఆవిడ చెయ్యి బెణికింది. రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. డాక్టర్ చిరాకు తగ్గించే రిస్పెరిడోన్ అనే మందు రాసి, రెండుసార్లు డోసు పెంచారు. ఐదు నెలల్లో 9 కిలోలు పెరిగాడు. పగలు మగత, సాయంత్రమైతే ఇల్లంతా ఆగకుండా తిరగడం. "దెబ్బకు దెయ్యమైనా దిగొస్తుంది" అంటూ తండ్రి రెండుసార్లు కొట్టారు. కొట్టాక గోడకు ఆనుకుని బొమ్మలా కూర్చుండిపోయాడట. "చూశావా, మాట విన్నాడు" అన్నారట ఆయన. ఒకసారి చున్నీతో చేతులు కట్టాల్సి వచ్చిందనీ, ఆ రాత్రి తనకు అన్నం సయించలేదనీ ఆమె రాశారు. కూతురు పదో తరగతి చదువుతోంది.

ఆమె అడిగినవి నాలుగు. ఇది మొండితనమా, జబ్బు ముదిరిందా? కట్టేయడం తప్పా? ఇంకో హాస్టల్ చూడమంటున్నారు, పంపాలా? పాత హాస్టల్ మీద ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం రెండుసార్లు చదివాను. "పెరట్లో చెట్టు కింద కూర్చోబెడితే గంటసేపు ఆడుకుంటాడు, చెల్లి జోలికి ఒక్కసారీ పోలేదు" అని రాశారు. మొండితనమైతే అన్నిచోట్లా, అందరి దగ్గరా ఉండాలి. జబ్బు ముదిరినా అంతే. మీవాడు తిరగబడుతున్నది మూడింటి దగ్గర: బాత్రూం, తాళాల చప్పుడు, బెల్టు. ఈ మూడూ ఒకప్పుడు వాడికి మామూలు వస్తువులు. 14 నెలల్లో వాటికి వేరే అర్థం వచ్చింది. అక్కడ ఏం జరిగిందో మనం చూడలేదు, ఊహించి కథ అల్లడమూ వద్దు. కానీ మణికట్టు చుట్టూతా చార పడాలంటే గోరు చాలదు, ఏదో ఒకటి చుట్టి ఉండాలి.

భయం జ్ఞాపకం మాటల రూపంలో దాచుకునేది కాదు. చప్పుడు, వాసన, వెలుతురు, ఒంటి మీద నీళ్లు పడ్డ తీరు, ఇలా ముక్కలుగా ఉంటుంది. వాటిలో ఒక్క ముక్క ఎదురైనా ఒళ్లు మొత్తం అప్పటిలాగే స్పందిస్తుంది. మాటలున్నవాళ్లు "నాకు భయమేస్తోంది" అంటారు. ముప్పై మాటలవాడు ఆ పనిని చేత్తో, పంటితో చెబుతాడు. తిరగబడటం, పారిపోవడం, బిగుసుకుపోవడం — భయానికి ఒళ్లు చూపే దారులు ఇవే. మగ్గు దగ్గర మొదటిది, తాళాల దగ్గర రెండోది. దెబ్బ తిన్నాక బొమ్మలా కూర్చున్నాడే, అది మూడోది. మీవారు దాన్ని మాట వినడం అనుకున్నారు. హాస్టల్‌లో కూడా బహుశా అలాగే అనుకుని ఉంటారు.

అయితే ప్రతిదీ భయం ఖాతాలో వేసేయడం కూడా తప్పే. ముందు ఒళ్లు చూడాలి. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో డాక్టర్లు సహా అందరూ చేసే పొరపాటు ఒకటుంది: ఏ మార్పు వచ్చినా "ఆటిజం కదా" అని వదిలేయడం. మీవాడు రెండు వైపులా కాదు, కుడి చెవి దగ్గరే గుద్దుకుంటున్నాడని రాశారు. ఒకే చోట కొట్టుకుంటే అక్కడ నొప్పి ఉందేమో చూడాల్సిందే. చెవిలో చీము, గట్టిపడ్డ గులిమి, కుడి దవడ వెనక పుచ్చు పన్ను. ముందు చెవి డాక్టర్, తర్వాత పళ్ల డాక్టర్. ఎన్ని రోజులకోసారి విరేచనం అవుతోందో రాసుకోండి. మూడు రోజులు దాటుతుంటే ఆ కడుపునొప్పి ఒక్కటే చాలు ఒకడు ఎదురుతిరగడానికి. పక్క తడపడం కొత్తగా మొదలైంది కాబట్టి మూత్ర పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. నిద్రలో ఒళ్లు బిగుసుకోవడం, నాలుక కరుచుకోవడం గమనిస్తే మూర్ఛ సంగతి కూడా అడగాలి.

మందు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రిస్పెరిడోన్ చెడ్డ మందు కాదు. ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో తీవ్రమైన చిరాకు, దాడి తగ్గించడానికి అమెరికాలో 2006లోనే అనుమతి పొందింది. కానీ అది చిరాకు మంటను తగ్గిస్తుందే తప్ప మగ్గును చూస్తే కలిగే భయాన్ని చెరిపేయదు. బరువు పెరగడం, మగత, కొందరిలో పక్క తడపడం దాని దుష్ఫలితాల్లో ఉన్నవే. సాయంత్రాలు ఆగకుండా తిరుగుతున్నాడన్నారు. అది డోసు పెంచాక మొదలైందా, అంతకుముందు నుంచీ ఉందా? తేదీలు వెతికి చూడండి. ఈ రకం మందులు కొందరిలో ఒక చోట కూర్చోలేని అస్థిమితం తెస్తాయి. లోపల పురుగు తొలిచినట్టుంటుంది, నిలబడలేరు, కూర్చోలేరు, ఎవరైనా ఆపితే కొడతారు. ఇంట్లోవాళ్లు "ఇంకా పెరిగింది" అని చెప్తారు, డాక్టర్ డోసు ఇంకొంచెం పెంచుతారు, అస్థిమితమూ పెరుగుతుంది. ఈ గిరగిరా తిరుగుడు చాలా ఇళ్లలో నెలల తరబడి సాగుతుంది. అందుకని డాక్టర్ దగ్గరికి "ఎక్కువైంది" అనే ఒక్క మాటతో వెళ్లకండి. ఏ డోసు ఏ తేదీన మారింది, తిరగడం ఎప్పుడు మొదలైంది, బరువు ఎంత నుంచి ఎంత, ఇవి కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఈ మందు ఏ లక్షణానికి, ఎన్నాళ్లకు, తగ్గించేది ఎప్పుడు అని అడగండి. పరగడుపు చక్కెర, కొలెస్ట్రాల్ చూడమనండి. మీ అంతట మీరు మాత్రం ఒక్క రోజులో ఆపేయొద్దు. ఒక్కసారిగా ఆపితే నిద్ర పోయి, కోపం రెట్టింపై, "మందు లేకపోతే వీడు బతకనివ్వడు" అనే తప్పుడు నిర్ణయానికి ఇల్లంతా వచ్చేస్తుంది.

ఇంకో సంగతి రాయక తప్పదు. బాత్రూం భయం, బట్టలు విప్పనివ్వకపోవడం, కొత్తగా పక్క తడపడం ఒకేచోట కనిపిస్తే లైంగిక హింస జరిగిందేమో అనే ప్రశ్న వేసుకోవాలి. జరిగిందని అర్థం కాదు, దెబ్బలకూ ఈ లక్షణాలే రావచ్చు. వాణ్ణి కూర్చోబెట్టి "వాడు ఇలా చేశాడా, అలా చేశాడా" అని అడగొద్దు. మీరేమంటే దానికల్లా తలూపుతాడు, తర్వాత ఆ మాటకు విలువ ఉండదు. పిల్లల డాక్టర్‌కి మీ అనుమానం విడిగా చెప్పండి. అలా జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, డాక్టర్‌కైనా మీకైనా. వైకల్యం ఉన్న పిల్లల వాంగ్మూలం తీసుకునేటప్పుడు ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది.

ఇక ఇంట్లో చేసే పని. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. రెండు వారాలు ఆ ఎర్ర మగ్గును తీసెయ్యడం తప్ప ఏమీ మార్చకుండా, మార్చాలని తొందరపడకుండా, రాయడమే పని. అందరూ రాసేది "సాయంత్రం అన్నం పెడుతుంటే నాయనమ్మను కొట్టాడు" అని. దాంతో ఏమీ తెలియదు. ఇలా రాయాలి: "6.40. అన్నం తింటున్నాడు. చెల్లి ట్యూషన్ నుంచి వచ్చి బ్యాగు కుర్చీలో పడేసింది, జిప్పుకున్న తాళంచెవి మోగింది. తినడం ఆపాడు. భుజాలు పైకి బిగిశాయి. నాలుగు నిమిషాల తర్వాత నాయనమ్మ 'తిను నాన్నా' అని ముద్ద నోటి దగ్గర పెట్టింది. చెయ్యి విసిరికొట్టాడు. నేను అరిచాను. చెల్లి లోపలికి వెళ్లింది. 7.15కి పడుకున్నాడు." మొదటి రెండు వాక్యాలు లేకపోతే నాయనమ్మ ముద్ద పెట్టడమే తప్పని తేలుతుంది. తాళంచెవి తప్పించుకుంటుంది. అందుకే గొడవకు అరగంట ముందు నుంచీ రాయాలి. రాత్రి ఎంతసేపు నిద్రపోయాడు, విరేచనం అయిందా లేదా పేజీ పైనే వేయండి. చివరన "తర్వాత ఎవరేం చేశారు" అన్నది ముఖ్యం. కొట్టగానే స్నానం ఆగిపోతుంటే, కొడితే స్నానం తప్పుతుందని కూడా వాడు నేర్చుకుంటూ ఉండొచ్చు. భయంతో మొదలైంది అలవాటుగా స్థిరపడటం ఇలాగే. అందుకే కొట్టకముందే ఆపే దారి వాడి చేతికి ఇవ్వాలి.

ఆ దారి వాడి దగ్గరే ఉంది: "వద్దు" అనే మాట. 14 నెలలు ఆ మాట పనిచెయ్యలేదు. ఇప్పుడు ఇంట్లో అది పనిచెయ్యాలి. వాడు "వద్దు" అన్నా, తల తిప్పుకున్నా, మీ చెయ్యి నెట్టినా అక్కడికక్కడ ఆగి, "సరే, ఆపాను" అని, మనసులో పది లెక్కపెట్టండి. తర్వాత మళ్లీ అడగొచ్చు. మందు లాంటి తప్పనిసరి వాటిలో "వేసుకోవాలా వద్దా" అని కాకుండా "పెరుగుతోనా, అరటిపండుతోనా" అని రెండు చేతులూ చూపండి. ఇలా చేస్తే అన్నిటికీ వద్దంటాడని మీవారు అంటారు. నిజమే, మొదటి వారం పది రోజులు అంటాడు. ఆ మాటకు విలువ ఉందో లేదో పరీక్షిస్తాడు. ఉందని నమ్మకం కుదిరితే తగ్గుతుంది. నాలుగో రోజున విసుగొచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్తే మాత్రం మళ్లీ ఒకటో రోజుకు వస్తారు.

స్నానానికి మార్గం ఇలా వేసుకోండి. మొదటి వారం బాత్రూంలో స్నానమే లేదు. హాల్లోనో వరండాలోనో సగం టబ్బు గోరువెచ్చని నీళ్లు, రెండు తువ్వాళ్లు. ఒకటి వాడికి ఇవ్వండి, ఒకటి మీరు పట్టుకోండి. పాదాలతో మొదలుపెట్టి పైకి రండి, ముఖం ఆఖరున, అదీ వాడి చేత్తోనే. నిక్కరు ఉంచే తుడవండి. చంకలు, తొడల సందు వాడే తుడుచుకునేలా తువ్వాలు అందించండి. శుభ్రతకు ఇది చాలు, వారం రోజులు తల మీద నీళ్లు పడకపోతే ఎవరికీ ఏమీ కాదు. రెండో దశలో పెరట్లో కుర్చీ, పాదాల దగ్గర టబ్బు. నీళ్లు పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద, చెంబుతో వాడే పోసుకోవాలి. వెనక నుంచి పొయ్యొద్దు, తల మీద అసలు పొయ్యొద్దు. మూడో దశ బాత్రూం, కానీ నీళ్లు లేకుండా. లైటు వేసి, తలుపు బార్లా తీసి, లోపలి గడియ కదలకుండా గుడ్డతో కట్టేసి. ఫోన్‌లో రెండు నిమిషాలు టైమర్ పెట్టండి, మోగగానే బయటికి రావడమే, బాగానే ఉన్నాడు కదా అని పొడిగించకూడదు. నాలుగో దశలో అక్కడే చెంబు, నీళ్లు. వరసగా మూడు రోజులు ప్రశాంతంగా గడిస్తే తర్వాతి దశకు పోవచ్చు. వరసగా రెండు రోజులు గొడవైతే ఒక దశ వెనక్కి. ఇంతకు మించిన లెక్క అక్కర్లేదు.

ఏం జరగబోతోందో ముందే కనిపించాలి. తువ్వాలు, చెంబు, ఉతికిన బట్టలు, నాన్న బండి, ఈ నాలుగింటినీ ఫోన్‌తో ఫోటో తీసి జిరాక్స్ షాపులో రంగుల్లో ప్రింట్ వేయించి లామినేషన్ చేయించండి. వరసగా గోడకు అంటించి, ఒక్కోటి అయ్యాక వాడి చేతే తీయించండి. చివర బండి ఉంది కాబట్టి ఓ హెచ్చరిక: "స్నానం చెయ్యలేదుగా, బండి లేదు" అనొద్దు. అంటే బండి కూడా భయపెట్టే వస్తువుల జాబితాలోకి చేరుతుంది. తుడుచుకోవడం సగంలో ఆగినా బండి ఉంటుంది.

ఇక్కడే మీవారి అవసరం. ఆయన్ను దోషిని చెయ్యాలని కాదు. ఇంట్లో అరుపులు వింటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అనే బెంగ, తల్లి చెయ్యి బెణికిన కోపం ఆయనకు ఉన్నాయి. కానీ లెక్క ఒకసారి ఆయనకు చెప్పండి. దెబ్బ ఐదు నిమిషాలు పనిచేస్తుంది, బిగుసుకుపోయేంతసేపు. వాడికి 16. ఇంకో రెండేళ్లలో వాడి చెయ్యి ఈయన చెయ్యి కంటే బలమైంది అవుతుంది, అప్పటికి చేతి బలమే భాషగా మిగిలితే ఎవరు గెలుస్తారు? ఆయన చెయ్యగల పనులు చిన్నవి. బెల్టు వాడి కంటబడకుండా వేరే గదిలో పెట్టుకుని బయల్దేరడం. తాళాల గుత్తికి గలగలలాడని గుడ్డ సంచి. రోజూ ఒకే వేళకు పావుగంట బండి మీద తిప్పి, టీ కొట్టు దగ్గర బిస్కట్టు. "నాన్న అంటే బండి" అన్నది మళ్లీ కుదరడానికి నెలలు పడుతుంది, రోజూ ఒకే వేళకు జరిగితేనే కుదురుతుంది. వారానికి ఒకసారి గంట కంటే రోజూ పావుగంట మేలు.

నాయనమ్మ కుర్చీని బాత్రూంకీ మంచానికీ మధ్య దారిలోంచి జరపండి. తోయడం ఆవిడ మీద కోపంతో కాదు, పారిపోయే దారికి అడ్డున్నందుకు. చెల్లికి గడియ ఉన్న గదో, పక్కింట్లో చదువుకునే చోటో ఏర్పాటు చేయండి. అన్నను సముదాయించే పని ఆ పిల్ల మీద పెట్టొద్దు.

అయినా గొడవ జరిగే రోజులు ఉంటాయి. అప్పుడు ఒక్కరే మాట్లాడాలి, మూడు మాటలు మించకుండా. "సరే. ఆపాను. ఇక్కడున్నా." ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి, రెండు బారల దూరంలో నిలబడండి. కళ్లలోకి చూడొద్దు, తలుపుకు అడ్డం నిలబడొద్దు. మిగతావాళ్లు బయటికి. టీవీ, ఫ్యాను చప్పుడు తగ్గించండి. తల గోడకు కొట్టుకుంటుంటే చేతులు పట్టుకోకండి, గోడకూ తలకూ మధ్య దిండు పెట్టండి. చేతులు పట్టుకోవడమంటే వాడికి మళ్లీ ఆ హాస్టలే. మిమ్మల్ని కొరికితే చెయ్యి లాక్కోవద్దు, చర్మం చీలుతుంది. కొద్దిగా నోటి వైపుకే నొక్కి ఉంచితే పట్టు వదులవుతుంది. ఒకటి మాత్రం ఎంత ప్రమాదంలోనూ చెయ్యకూడదు: బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు పెట్టడం, ఛాతీ మీద కూర్చోవడం. ఊపిరి ఆడక నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. బరువు పెరిగి, మగత మందు వేసుకునే వాడికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. గొడవ సద్దుమణిగాక గంట, గంటన్నర వరకు ఒళ్లు ఇంకా వేడి మీదే ఉంటుంది. "సారీ చెప్పు", "నాయనమ్మ కాళ్లకు దండం పెట్టు" లాంటివి ఆ సమయంలో రెండో గొడవ తెస్తాయి. మంచినీళ్లు, ఏదైనా తినడానికి, చీకటిగా ఉండే మూల. అంతే.

కట్టేయడం గురించి అడిగారు. చున్నీ కట్టినందుకు మీరు అన్నం మానేశారు, అంటే జవాబు మీకు తెలుసు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఆస్పత్రుల్లో సైతం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మణికట్టు గాయమున్న వాడికి అదే మణికట్టు మీద ముడి వెయ్యడమంటే హాస్టల్‌నే ఇంటికి తెచ్చినట్టు. రోడ్డు మీదికి పరుగెడతాడనే భయంతో అయితే దానికి గేటుకు చెయ్యందని ఎత్తులో గడియ, వీధివైపు గదిలో మీ మంచం. మనిషిని కట్టే బదులు గేటును కట్టండి.

హాస్టల్ విషయంలో మీ ముందున్నవి మూడు దారులు. ఇంట్లోనే ఉంచుకోవడం మొదటిది. వాడికి మేలు, మీకు అలుపు. మీరు రాత్రి నాలుగు గంటలే నిద్రపోతున్నానన్నారు, అలా ఆరు నెలలు సాగదు. రోజుకు రెండు గంటలైనా వేరే మనిషి వచ్చేలా ఏర్పాటు ఉంటేనే ఈ దారి నిలుస్తుంది. ఆ మనిషికి మీ నోటుబుక్కు చదివించండి. పగలు బడి, రాత్రి ఇల్లు అన్నది రెండోది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం, లేదా దగ్గర్లో ఉన్న ప్రత్యేక పాఠశాల. మొదటి వారం రోజుకు అరగంటే, మీరు అక్కడే కూర్చుని. ఆ గేటు తాళం మోగుతుందేమో, అక్కడ ఎర్ర మగ్గు ఉందేమో ముందే చూసుకోండి. ఇప్పుడున్న స్థితిలో నాకు ఎక్కువ మొగ్గు ఈ దారి వైపే, కానీ చెవి, పన్ను, మందు సంగతి తేలాకే.

మూడోది ఇంకో హాస్టల్. అన్ని హాస్టళ్లూ ఒకలా ఉండవు, తప్పనిసరైన ఇళ్లూ ఉన్నాయి. కానీ భయం తగ్గకముందే పంపితే గేటు దగ్గరే మళ్లీ మొదలవుతుంది, వాళ్లూ మందు పెంచమనో, తీసుకెళ్లమనో అంటారు. ఎప్పటికైనా చూడాల్సి వస్తే ముందు దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 కింద రిజిస్ట్రేషన్ పత్రం చూపమనండి. అది లేకుండా అలాంటి సంస్థ నడపకూడదు. ఆఫీసు గది కాదు, బాత్రూంలు, రాత్రి పడుకునే గది చూడండి. రాత్రి ఎంతమంది పిల్లలకు ఎంతమంది మనుషులు మేలుకుని ఉంటారు? పిల్లవాడు కొరికితే ఏం చేస్తారు, అది ఎక్కడ రాస్తారు? "మా దగ్గర అలాంటివి జరగవు" అంటే లేచి వచ్చేయండి, అన్నిచోట్లా జరుగుతాయి. చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా అని అడగండి. "అలవాటు పడేదాకా రావొద్దు" అనే మాట మళ్లీ వినిపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు.

ఫిర్యాదు. ఇది మీరిద్దరూ ఆలోచించి తేల్చుకోవాల్సింది, ఈ రోజే తేలనక్కర్లేదు. కానీ ఆధారాలు మాత్రం ఈ రోజే దాచండి, మచ్చలు ఆగవు. పగటి వెలుతురులో రెండు మణికట్లనూ అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. ప్రభుత్వాసుపత్రిలో చూపించి ఓపీ చీటీ మీద గాయాల వివరం రాయించండి. చేర్చిన రసీదు, కట్టిన ఫీజు, వాట్సాప్ మెసేజ్‌లు, తీసుకొచ్చిన తేదీ ఒకచోట పెట్టండి. వాడికి ఇంకా 18 నిండలేదు కాబట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే బాలల సంక్షేమ కమిటీ దాకా వెళ్తుంది. బాలల న్యాయ చట్టం, 2015 సెక్షన్ 75 ప్రకారం పిల్లల్ని చూసుకునే సంస్థ మనుషులే హింసిస్తే ఐదేళ్ల వరకు కఠిన జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడొచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 7 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి, అంటే మండలంలో తహసీల్దారుకు కూడా అర్జీ ఇవ్వొచ్చు. ఫిర్యాదు చేస్తే తిరుగుడు ఉంటుంది, "మీరే సరిగ్గా పెంచలేదు" అనే ఎదురు మాటలుంటాయి, వాణ్ణి ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. చెయ్యకపోతే మీ ఇంటికి ప్రశాంతత, కానీ ఆ గదుల్లో ఇంకా పిల్లలున్నారు. మధ్యేమార్గం ఒకటుంది: అక్కడ చదివిన ఇతర పిల్లల తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురితో ముందు మాట్లాడటం. మీ ఒక్కరి మాట కంటే నలుగురి మాట బలం.

ఎవర్ని కలవాలో కూడా చెబుతాను. 18 ఏళ్లలోపు వాళ్లకు జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీలో, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను చూసే కేంద్రంలో, పిల్లల డాక్టర్, సైకాలజిస్టు ఒకేచోట దొరికే అవకాశముంది. ప్రవర్తన గురించి లోతుగా చూడాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న మేధో వైకల్య జాతీయ సంస్థ ఉంది. వెళ్లేటప్పుడు మందుల చీటీలతో పాటు నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి, సైకాలజిస్టు మొదట అడిగేది అదే. రాత్రివేళ మీకే దిక్కు తోచకపోతే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వాడి కోసమే కాదు, మీ కోసం కూడా చెయ్యొచ్చు. ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, చేరి ఉండకపోతే చేరండి. 18 నిండాక సంరక్షకులుగా మీ పేరు నమోదుకు కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. అది ఇంకో రెండేళ్ల మాట.

ఎన్నాళ్లకు తగ్గుతుందో తేదీ చెప్పలేం. గొడవలు సున్నా అయ్యాయా అని చూడకండి, నీరసం వస్తుంది. గొడవ ఎన్ని నిమిషాలు సాగింది, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది, కొట్టకముందు "వద్దు" అన్నాడా లేదా, ఈ మూడూ వారానికోసారి లెక్క చూడండి. నలభై నిమిషాలు పాతికైతే అదే మెరుగు. పండక్కి చుట్టాలొచ్చినప్పుడు, జ్వరమొచ్చినప్పుడు, సంక్రాంతికి మళ్లీ అదే తేదీలు తిరిగొచ్చినప్పుడు వెనక్కి పోతాడు, ఆ వారం టబ్బు, తువ్వాలు దశకే దిగిపోండి.

నోటుబుక్కు రెండు వారాలు నిండాక మళ్లీ రాయండి, ఏ దారి అన్నది అందులోంచే మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ ఎర్ర మగ్గును అటక మీద పెట్టేయండి. నీళ్లు పోసుకోవడానికి చెంబు చాలు.